అయస్కాంతం, అతివాహకం: ఒక శతాబ్దపు వైరం

అయస్కాంతానికి మన భాషలో రెండు పేర్లున్నాయి. ఒకటి సూదంటురాయి, అంటే సూదిని అంటుకొనే రాయి. రెండవది సంస్కృతం నుండి వచ్చినది. అయస్సుకు, అనగా ఇనుముకు, కాంతమైనది, ప్రియమైనది కనుక అయస్కాంతం. ఇందులోని 'కాంత' శబ్దానికీ, వెలుగు అనే అర్థంలో మనం నిత్యం వాడే 'కాంతి' శబ్దానికీ ధాతువు ఒక్కటే. కోరుట అనే అర్థం గల కమ్ ధాతువు నుండి రెండూ పుట్టాయి. వ్యాకరణంలో ఇవి ఒక తల్లి బిడ్డలు. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని 1860లలో మాక్స్‌వెల్ తేల్చిన తరువాత భౌతికశాస్త్రంలోనూ ఈ చుట్టరికం ఖాయమైంది.

అయితే పోరు దాయాదుల మధ్యనే ఎక్కువ. ఈనాడు ప్రపంచంలో అత్యంత సూక్ష్మమైన కాంతిని పట్టగల పరికరాలను అతివాహక లోహాలతో చేస్తున్నారు. ఒక్కొక్క కాంతికణాన్ని, అంటే ఫోటాన్‌ను, విడివిడిగా లెక్కించగల శక్తి వాటికుంది. అంతటి పరికరాలకు చీకటి భయం లేదు, చలి భయం అసలే లేదు. ఉన్న భయమల్లా అయస్కాంతమంటేనే. అదీ పెద్ద అయస్కాంతం అక్కరలేదు. దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత క్షేత్రమే చాలు. ఎక్కడో తిరిగే మోటారు, పక్కగదిలోని ఇనుప బీరువా, గోడలోని ఇనుప కడ్డీలు, ఇలా పిలవని పేరంటానికి వచ్చే క్షేత్రాలు వాటి లెక్కను తారుమారు చేయగలవు. ఈ వైరం ఎలా మొదలైంది, శాస్త్రజ్ఞులు దాన్ని ఎలా అర్థం చేసుకొన్నారు, ఎలా కాచుకొంటున్నారు అన్నది నూరేళ్ళకు పైబడిన కథ. నాకు తెలిసినంతలో చెబుతాను.

పిలవని అయస్కాంతంతో చిక్కు మన దేశానికీ కొత్త కాదు. బొంబాయి కొలాబాలో పందొమ్మిదవ శతాబ్దం నుండి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే వేధశాల ఉండేది. నగరంలో గుర్రపు ట్రాముల స్థానంలో విద్యుత్తు ట్రాములు రానున్నాయని తెలిసినప్పుడు, ఆ తీగల్లో పారే కరెంటు పుట్టించే క్షేత్రం కొలతలను పాడుచేస్తుందని గ్రహించి, 1904లో సముద్రానికి అవతల అలీబాగ్‌లో కొత్త వేధశాల నెలకొల్పారు. రెండేళ్ళపాటు రెండుచోట్లా ఏకకాలంలో కొలిచి, లెక్కలు సరిచూసుకొన్న తరువాతే కొలాబా పనిని అక్కడికి మార్చారు. ఊరు పెరిగితే కొలిచేవాడు ఊరు విడిచిపోవాలి. అది ఒక ఉపాయం. కానీ భూమి క్షేత్రమే శత్రువైనప్పుడు భూమిని విడిచి ఎక్కడికి పోతాం?

అసలు కథ నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో మొదలవుతుంది. అక్కడి ఆచార్యుడు కామర్లింగ్ ఓన్స్ 1908 జూలై 10న మొట్టమొదటిసారి హీలియం వాయువును ద్రవంగా మార్చారు. దానితో పరమశూన్యానికి, అంటే సున్న కెల్విన్‌కు, నాలుగు డిగ్రీల చేరువలోకి పోయే దారి ఏర్పడింది. ఆ చలిలో లోహాల విద్యుత్ నిరోధం ఏమవుతుందో చూడాలని పాదరసాన్ని తీసుకొన్నారు. 1911 ఏప్రిల్‌లో, సుమారు 4.2 కెల్విన్ వద్ద, పాదరసపు నిరోధం క్రమంగా తగ్గడం మాని హఠాత్తుగా మాయమైంది. కరెంటుకు అడ్డు చెప్పని ఈ స్థితికే అతివాహకత్వం అని పేరు. ఆ తరువాత సీసం, తగరం కూడా అదే కోవలోకి చేరాయి.

నిరోధం లేని తీగ దొరికితే ఎవరికైనా మొదట తట్టే ఆలోచన ఏమిటి? దాన్ని చుట్టగా చుట్టి, అందులో ఎంత కావాలంటే అంత కరెంటు పారించి, మహాబలమైన అయస్కాంతం చేయవచ్చు. ఓన్స్ కూడా అదే తలచారు. లక్ష గాస్‌ల అయస్కాంతం సాధ్యమని 1913లో బాహాటంగానే చెప్పారు. ఆ ఏడే ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. తీరా సీసపు తీగను చుట్టి చూస్తే, అనుకొన్న దానిలో చిన్న వంతు కరెంటుకే అతివాహకత్వం అంతరించింది. కారణం 1914లో బయటపడింది. కొన్ని వందల గాస్‌ల అయస్కాంత క్షేత్రం తగిలితే చాలు, సీసం మళ్ళీ మామూలు లోహమైపోతుంది. తాను పుట్టించిన క్షేత్రమే తన అతివాహకత్వాన్ని హరిస్తుంది. తన నెత్తిన తానే చేయి పెట్టుకొన్న భస్మాసురుడి కథ ఇది. వైరానికి మొదటి అధ్యాయం ఇలా నడిచింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. సీసాన్ని చెరచడానికి వందల గాస్‌లు కావాలి. భూమి క్షేత్రమో, ప్రాంతాన్ని బట్టి పావు గాస్ నుండి గాస్‌లో మూడింట రెండు వంతుల దాకా మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు దానికి భయపడడమెందుకు? సమాధానం దొరకడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ సమాధానంలో ఒక మనిషి విషాదం కూడా కలిసి ఉంది.

1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు ఒక వింత చూశారు. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన లోహాన్ని చల్లబరిస్తే, అతివాహకమైన క్షణంలోనే అది తన లోపలి క్షేత్రాన్ని బయటకు నెట్టివేస్తుంది. అంటే అతివాహకానికి అయస్కాంతం అంటే కేవలం అలుసు కాదు, స్వభావసిద్ధమైన అసహనం. ఇది శుద్ధమైన లోహపు ముద్ద సంగతి. మిశ్రమలోహాల సంగతి వేరని కనుగొన్నవాడు లెవ్ షుబ్నికోవ్. యౌవనంలో లైడెన్‌లో పనిచేసి, తరువాత ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్‌లో ప్రయోగశాల నడిపిన వాడు. 1936, 1937లలో ఆయనా, ఆయన సహచరులూ సీసపు మిశ్రమలోహాల స్ఫటికాలను జాగ్రత్తగా పరీక్షించి, అవి క్షేత్రాన్ని పూర్తిగా నెట్టివేయవని, పూర్తిగా లొంగిపోవనీ చూపించారు. కొంత క్షేత్రాన్ని లోనికి రానిచ్చి, అయినా అతివాహకాలుగానే మిగులుతాయి. ఆ ఫలితం అచ్చయిన 1937లోనే, స్టాలిన్ నిర్బంధకాండలో, ఆగస్టులో ఆయన్ను పట్టుకొన్నారు. నవంబరులో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయస్సు 36 ఏళ్ళు. నిర్దోషి అన్న మాట ప్రభుత్వం నోట రావడానికి స్టాలిన్ పోవలసి వచ్చింది. మనిషితోపాటు ఆయన కనుగొన్నదీ చాలాకాలం మరుగున పడింది.

దానికి సిద్ధాంతం కట్టినవాడు మాస్కోలోని అలెక్సీ అబ్రికోసోవ్. 1957లో అచ్చయిన ఆయన వ్యాసం సారాంశం ఇది: లోనికి వచ్చే క్షేత్రం పలచగా అంతటా పరుచుకోదు. సన్నని గొట్టాలుగా విడిపోయి, ఒక్కొక్క గొట్టం చుట్టూ కరెంటు నదిలో సుడిగుండంలా తిరుగుతుంది. సుడి నడిబొడ్డున మాత్రం లోహం అతివాహకం కాదు, మామూలు లోహమే. ప్రతి సుడిలోనూ ఉండే అయస్కాంత అభివాహం ఒకే నిర్దిష్ట పరిమాణం. తక్కువా లేదు, ఎక్కువా లేదు. ఆ పరిమాణాన్ని 1961లో అమెరికాలో ఒక బృందమూ, జర్మనీలో మరొక బృందమూ వేరువేరుగా కొలిచి నిర్ధారించాయి. అబ్రికోసోవ్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. షుబ్నికోవ్‌కు వచ్చే అవకాశాన్ని చరిత్ర ముందే చెరిపివేసింది.

ఇప్పుడు మన సందేహానికి లెక్క వేద్దాం. ఆ అభివాహపు మూల పరిమాణం సుమారు 2.07 వెబర్లను పదికి పదిహేను ఘాతంతో భాగిస్తే వచ్చేంత. భూమి క్షేత్రం 50 మైక్రోటెస్లాలు, అంటే అర గాస్, అనుకొంటే, ప్రతి 41 చదరపు మైక్రాన్లకు ఒక సుడి చొప్పున పడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. నూరు మైక్రాన్ల భుజం గల చిన్న చతురస్రపు పలక ఒకటి భూమి క్షేత్రంలో ఏ కాపూ లేక చల్లబడితే, దాని మీద దాదాపు 240 సుడులు బిగుసుకొని కూర్చొంటాయి. పల్చని పొరల్లో శుద్ధలోహం కూడా మిశ్రమలోహంలాగే సుడులను రానిస్తుంది. పొరలోని లోపాలు ముళ్ళకంచెలా వాటిని పట్టి ఉంచుతాయి. కనుక భూమి క్షేత్రం అతివాహకత్వాన్ని చంపదు. గాయాలు చేసి వదులుతుంది. సూక్ష్మమైన కొలతకు అదే చాలు.

ఆ సూక్ష్మమైన కొలత చేసే శోధకాల చరిత్ర మరొక పాయ. డొనాల్డ్ ఆండ్రూస్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1942లో ఒక చక్కని ఊహను ఆచరణలో పెట్టారు. టాంటలమ్ తీగను సరిగ్గా అతివాహక స్థితికీ మామూలు స్థితికీ నడుమ ఉన్న అంచు మీద నిలబెట్టారు. అక్కడ అది గోడమీది పిల్లి. అటా ఇటా అన్నది ఇసుమంత వేడితో తేలిపోతుంది. పరారుణ కాంతి పడి రవ్వంత వెచ్చబడితే నిరోధం అమాంతం పెరుగుతుంది. ఆ పెరుగుదలే కాంతి వచ్చిందన్న వార్త. 1949లో ఇదే పద్ధతిలో ఆల్ఫా కణాలనూ పట్టారు. అయినా ఈ ఊహ సుమారు యాభై ఏళ్ళు మూలనపడి ఉంది. పిల్లిని గోడమీద స్థిరంగా ఉంచడం కష్టమైంది. అది చేసే మెల్లని చప్పుడు వినగల చెవీ అప్పటికి లేదు.

చెవి 1964లో అమెరికాలోని ఫోర్డ్ సంస్థ పరిశోధనాగారంలో పుట్టింది. దాని పేరు స్క్విడ్. రెండుచోట్ల బలహీనమైన అతుకులు వేసిన అతివాహక ఉంగరం అది. ఉంగరంలో దూరే అభివాహం ఏమాత్రం మారినా దాని వోల్టేజి మారుతుంది. 1962లో బ్రియన్ జోసెఫ్‌సన్ అనే యువకుడు ఊహించిన సూత్రమే దానికి ఆధారం. పిల్లిని స్థిరంగా నిలబెట్టే ఉపాయం కెంట్ ఇర్విన్ 1995లో ప్రకటించారు. కరెంటుకు బదులు వోల్టేజిని స్థిరంగా ఉంచితే, వెచ్చబడినప్పుడు పొరలో పుట్టే వేడి దానంతట అదే తగ్గి, పొర తన చోటికి తాను తిరిగి వస్తుంది. ఆ తగ్గిన కరెంటును స్క్విడ్ చదువుతుంది. అక్కడి నుండి ఈ అంచు శోధకాలు వేల సంఖ్యలో టెలిస్కోపులలోకి చేరాయి.

ఇందులోని మెలిక గమనించారా? కాంతి తెచ్చిన వార్తను చదవడానికి పెట్టుకొన్న చెవి, అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టడంలో మానవుడు చేసిన పరికరాలన్నిటిలోనూ అగ్రశ్రేణికి చెందినది! శత్రువు మాట కూడా అంతే శ్రద్ధగా వినే మనిషిని కావలి పెట్టుకొన్నట్టయింది. కాబట్టి పిలవని క్షేత్రం ఇక్కడ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, శోధకపు పొరనే తాకి దాని అంచును జరుపుతుంది. రెండు, స్క్విడ్‌లో దూరి లేని కాంతిని ఉన్నట్టు చెబుతుంది. మొదటి దారి ఎంత సున్నితమైనదో 2010లో మరింత స్పష్టమైంది. నాసా పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, ఈ పొరలు స్వయంగా జోసెఫ్‌సన్ అతుకుల్లా ప్రవర్తిస్తాయని తేలింది. అంటే పొర మీద ఒక్క అభివాహపు మూల పరిమాణం పడినా దాని నడక మారుతుంది. నూరు మైక్రాన్ల పలకకు ఆ మోతాదు భూమి క్షేత్రంలో సుమారు 240వ వంతు.

శోధకాలన్నీ ఒక్కలా భయపడవని కూడా చెప్పాలి. 2001లో మాస్కోలో గోల్ట్స్‌మన్ బృందం నియోబియం నైట్రైడ్‌తో అతి సన్నని తీగలు గీచి, ఒంటరి ఫోటాన్‌లను పట్టే మరొక రకం శోధకం చేసింది. ఇటువంటి తీగల వెడల్పు మైక్రాన్‌లో పదవ వంతు పాటి ఉంటుంది. పట్టీ ఎంత ఇరుకైతే సుడికి అంత చోటు తక్కువ. 2004లో నియోబియం పట్టీలను చల్లబరచి చూసిన ప్రయోగంలో ఈ సూత్రం కళ్ళకు కట్టింది. అభివాహపు మూల పరిమాణాన్ని పట్టీ వెడల్పు వర్గంతో భాగిస్తే వచ్చే క్షేత్రం కంటే తక్కువ క్షేత్రంలో సుడులు పట్టీలో నిలవలేవు. పది మైక్రాన్ల పట్టీకి ఈ హద్దు 20 మైక్రోటెస్లాలు. భూమి దాన్ని దాటుతుంది. ఐదు మైక్రాన్ల పట్టీకి 80 మైక్రోటెస్లాలకు పైమాటే. భూమి దాటలేదు. సన్నని తీగకు ఇదే లెక్క వేస్తే భూమి క్షేత్రానికి వేల రెట్లు వస్తుంది. అందుకే ఈ శోధకం భూమిని చూసి జంకదు. వెడల్పు పొరలను చీలికలుగా కోయడం కూడా ఒక రక్షణోపాయమైంది ఇందుకే.

కోయడం కుదరని చోట కవచం కావాలి. అది ఎక్కడి నుండి వచ్చిందో చూడండి. సముద్రగర్భంలో వేసిన టెలిగ్రాఫ్ తీగల్లో సందేశాలు చెదరకుండా ఉండేందుకు 1923లో బ్రిటన్‌లో స్మిత్, గార్నెట్ అనేవారు నికెల్ ఎక్కువగా గల ఒక మిశ్రమలోహానికి పేటెంటు పొందారు. దాని పేరు మ్యూ మెటల్. అయస్కాంత రేఖలను ఇది గోడలా అడ్డుకోదు. కాలువలా తనలోకి మళ్ళించి, పక్క నుండి పంపివేస్తుంది. లోపల ఉన్న వస్తువుకు తడి తగలదు. కాని మహా సుకుమారమైన లోహం. వంచినా, సుత్తి తగిలినా, కిందపడినా గుణం పోతుంది. హైడ్రోజన్ వాయువులో కాల్చి నెమ్మదిగా చల్లార్చితే గాని తిరిగి రాదు. టెలిగ్రాఫ్ తీగలు పాతబడిపోయాయి. వాటికోసం పుట్టిన లోహం విశ్వాన్ని చూసే కళ్ళకు రెప్పగా మిగిలింది.

రెండవ కవచం అతివాహకంతోనే చేస్తారు, సీసంతోనో నియోబియంతోనో. అది క్షేత్రాన్ని లోనికి రానివ్వదు, నిజమే. కాని అది అతివాహకమయ్యే క్షణంలో లోపల ఎంత క్షేత్రం ఉందో దానిలో కొంతైనా శాశ్వతంగా బంధించి కూర్చొంటుంది. కనుక వరుస ముఖ్యం. బయట మ్యూ మెటల్ వంటి కవచం ముందే క్షేత్రాన్ని తగ్గించాలి. ఆ తగ్గిన స్థితిలో లోపలిది చల్లబడాలి. అప్పుడు అది ఆ ప్రశాంతతనే గడ్డకట్టించి కాపాడుతుంది. చల్లబడ్డాక కవచం తొడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మళ్ళీ అంతా వేడెక్కించి మొదటి నుండి చేయాలి. లేతగా ఉన్న క్షణంలో పడిన ముద్ర ఎంతకాలం నిలుస్తుందో బడిపంతులుగా బ్రతికిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ జాగ్రత్తలన్నీ ఒక్కచోట కనిపించే ఉదాహరణ దక్షిణధ్రువంలోని బైసెప్-2 టెలిస్కోపు. 2010 నుండి 2012 వరకు అది ఆకాశంలో ఒకే ప్రాంతాన్ని చూసింది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో లేచిన గురుత్వ తరంగాల జాడ, నేటికీ మిగిలిన ఆదిమ కాంతి ధ్రువణంలో ఉందేమోనని వెతికింది. అందులో 512 అంచు శోధకాలు పావు కెల్విన్ చేరువలో పనిచేసేవి. టెలిస్కోపు ఇటూ అటూ తిరిగేటప్పుడు భూమి క్షేత్రం దిశ పరికరం దృష్టిలో మారుతూ ఉంటుంది. స్క్విడ్‌లు దాన్ని కాంతిలా చెప్పగలవు. అందుకే కవచాలు పెట్టారు. కవచాలు దాటి వచ్చేదానికి మరొక ఉపాయం ఉంది. ఆకాశం గంటల కొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది, భూమి క్షేత్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దిక్కును బట్టి కదలకుండా కనిపించే సంకేతాన్ని తీసివేస్తే ఆకాశపుది మిగులుతుంది. శోధకమే తగిలించని స్క్విడ్‌లు కొన్నిటిని ఉంచి, అవి ఏమి చెబుతున్నాయో కూడా చూస్తారు. కాంతి అందని చెవి కూడా మాట్లాడితే, అది అబద్ధమని తెలిసిపోతుంది.

2014 మార్చి 17న ఆ బృందం ఆదిమ తరంగాల జాడ దొరికిందని ప్రకటించింది. లోకమంతా సంబరపడింది. 2015 ఆరంభంలో ప్లాంక్ ఉపగ్రహ బృందంతో కలిసి లెక్క చూసుకొన్నాక తేలింది ఏమిటంటే, ఆ సంకేతాన్ని మన పాలపుంతలోని ధూళితోనే చాలావరకు వివరించవచ్చునని, తరంగాల జాడ అని చెప్పడానికి ఆధారం చాలదని. ఆ ధూళి కాంతికి ధ్రువణం ఎందుకు వచ్చింది? పాలపుంతలో వ్యాపించిన అయస్కాంత క్షేత్రం ఆ రేణువులను ఒక వరుసలో నిలబెట్టడం వల్ల! ఆ క్షేత్రం భూమి క్షేత్రంలో లక్షవ వంతు పాటి. పరికరం నిజమే చెప్పింది. భూమి అయస్కాంతాన్ని ఆ శాస్త్రజ్ఞులు వాకిలి దగ్గరే ఆపగలిగారు. కాని ఆకాశంలోని అయస్కాంతం కాంతి వేషంలోనే లోనికి వచ్చింది. కాంతికి కవచం కట్టలేం కదా, కట్టితే చూడవలసినదీ కనబడదు.

తమ సంబరాన్ని తామే మరొకరితో కలిసి పరీక్షించి, సరిదిద్దుకొని ప్రకటించడం ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం. లక్ష గాస్‌ల కల చెదిరినప్పుడు ఓన్స్ కారణం వెతికి లోకానికి చెప్పారు. ఆ కారణం నుండే తరువాతి శాస్త్రం పెరిగింది. షుబ్నికోవ్‌కు ఆ పెరుగుదల చూసే భాగ్యం దక్కలేదు. కొలిచేవాడికి ఉండవలసిన మొదటి గుణం, తన చెవి వింటున్నది కాంతినా, కాదా అని తనను తాను అడుగుకోవడం. వారు అడిగారు.

ఇవి నాలాంటి భాషాపండితుడు చదివి అర్థం చేసుకొన్నంత మేరకు రాసిన మాటలు. భౌతికశాస్త్రం చదివిన మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. పారిభాషిక పదాల్లో గాని, విషయంలో గాని పొరపాటు కనిపిస్తే నిస్సంకోచంగా తెలియజేయండి, సరిదిద్దుకొంటాను. అతివాహకపు సుడికి ఇంతకంటే చక్కని తెలుగు మాట ఎవరికైనా తోస్తే అదీ చెప్పండి.